పాత ల్యాప్‌టాప్ గొంతు సవరిస్తే

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, జనం నోట సీటీసీలో, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లు పరీక్షించేవి దాదాపు ఒకే వరసలో ఉంటాయి. స్క్రీన్ మీద గీతలున్నాయా, బ్యాటరీ ఎంతసేపు ఆగుతుంది, ర్యామ్ ఎంత, ఎస్ఎస్‌డీ వేశారా లేదా, కీబోర్డులో ఏ కీ అయినా ఇరుక్కుంటోందా. స్పీకర్ సంగతి మాత్రం అంగట్లో తేలదు. అంత రొద మధ్య యూట్యూబ్‌లో ఒక పాట పెట్టి "మోగుతోంది కదన్నా" అంటాడు అమ్మేవాడు. మోగుతూనే ఉంటుంది మరి. ఇంటికి తెచ్చుకుని రాత్రిపూట తీరిగ్గా సినిమా పెట్టుకున్నాక అసలు విషయం బయటపడుతుంది. మాటలు డబ్బాలోంచి వస్తున్నట్టుంటాయి, పాట మొదలవగానే చెవుల్లో గుచ్చుకుంటుంది, వాల్యూమ్ ముప్పావు దాటితే అడుగున ఏదో గరగరలాడుతుంది.

ఈ బాధకు సలహాల కొదవ లేదు. ఈక్వలైజర్ తెరిచి బేస్ స్లైడర్లన్నీ పైకి తోసెయ్యమంటాడు ఒకడు. వాల్యూమ్ బూస్టర్ ఎక్కించుకుంటే ఆరు రెట్లు మోగుతుందంటాడు ఇంకొకడు. లోపలి స్పీకర్లతో కుస్తీ ఎందుకు, బయట ఒక చిన్న జత తగిలించుకుంటే పోలా అంటాడు మూడోవాడు. మైకు పెట్టి కొలిచి, గ్రాఫు గీసి, దాని తలకిందుల బొమ్మతో దిద్దాలనేవాళ్లు వేరే. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది ఇది: పాత ల్యాప్‌టాప్‌లో శబ్దం బాగుపడేది కలిపితే కాదు, తీసేస్తే. అంతకన్నా ముందు, ఎప్పుడో చడీచప్పుడు లేకుండా పోయినదాన్ని వెతికి తెచ్చుకుంటే.

ముందు యంత్రం హద్దులు తెలియాలి. శబ్దం పుట్టాలంటే గాలి కదలాలి. మంద్రస్థాయి శబ్దానికి చాలా గాలి కదలాలి. ల్యాప్‌టాప్ లోపలి స్పీకర్ రెండు మూడు సెంటీమీటర్ల ముక్క, దాని శక్తి ఒకటి రెండు వాట్లు, పొర ముందుకూ వెనక్కూ ఊగడానికి ఉన్న చోటు మిల్లీమీటరులో ఏదో కొంత. శ్రుతి ఒక స్థాయి కిందికి దిగినప్పుడల్లా, అంతే గట్టిగా వినిపించాలంటే ఆ పొర నాలుగింతలు ఊగాలి. 400 హెర్ట్జ్ దగ్గర హాయిగా పాడే స్పీకర్ 100 హెర్ట్జ్ దగ్గర కూడా అంతే గట్టిగా పాడాలంటే పొర 16 రెట్లు ఊగాలి. అది ఊగలేదు. అందుకే 300, 400 హెర్ట్జ్ కిందికి వెళ్లేసరికి చాలా పాత ల్యాప్‌టాప్‌ల గొంతు పడిపోతుంది. ఆ లోటును కరెంటుతో పూడ్చాలంటే లెక్క మరీ ఘోరం: రెండు స్థాయిలు కిందికి దిగేసరికి ఇరవై నాలుగు డెసిబెల్స్ లోటు, అంటే శక్తిలో సుమారు 250 రెట్లు. వాటు బలమున్న బుల్లి ఆంప్లిఫయర్‌ని 250 వాట్లు ఇమ్మని అడగడమన్నమాట. బేస్ స్లైడర్లు పైకి తొయ్యమనే సలహా ఇక్కడే కూలిపోతుంది.

మరి అదే ల్యాప్‌టాప్‌లో మగవాళ్ల గొంతు మగగొంతులాగే ఎందుకు వినిపిస్తోంది? సాధారణంగా పురుషుడి గొంతు మూలశ్రుతి 100 నుంచి 150 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. పాత ల్యాండ్‌లైన్ ఫోన్లు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసేవి. తాతగారి బొంగురు గొంతు మూలశ్రుతి ఆ తీగలోకి అసలు ఎక్కనే లేదు. అయినా అవతలివాళ్లకు తాతగారే వినిపించారు. మూలశ్రుతికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలుగా పుట్టే అనుస్వరాలు చెవిని చేరితే చాలు, లేని అడుగుస్వరాన్ని మెదడు ఊహించి నింపేస్తుంది. జర్మనీలో ఆగస్ట్ జీబెక్ 1840లలో దీన్ని పట్టుకున్నాడు. 1940 ప్రాంతంలో డచ్చి శాస్త్రజ్ఞుడు షౌటెన్ దానికొక సిద్ధాంతం అల్లాడు. ఇప్పటి బేస్ పెంచే సాఫ్ట్‌వేర్లలో తెలివైనవి ఈ కిటుకునే వాడుకుంటాయి. ఇజ్రాయెల్ కంపెనీ వేవ్స్ తయారుచేసిన మాక్స్‌బేస్ అలాంటిదే. కింది శ్రుతిని బలవంతాన తోయదు. ఆ శ్రుతికి చెందిన అనుస్వరాలను చిన్న స్పీకర్ పలకగల చోట పుట్టిస్తుంది, మిగిలిన పని వినేవాడి మెదడుకు వదిలేస్తుంది.

కచేరీ రికార్డింగు పెట్టి చూస్తే అనుస్వరాలు చేసే ఈ మేలు బాగా తెలుస్తుంది. మృదంగం కుడివైపు నల్లటి పూత వల్ల దాని అనుస్వరాలు మూలశ్రుతికి దాదాపు పూర్ణసంఖ్యల గుణిజాల్లో పలుకుతాయి. మామూలు డోళ్లలో అలా కుదరదు. సి.వి. రామన్, శివకాళి కుమార్‌తో కలిసి 1920లో నేచర్ పత్రికలో రాసింది ఈ విశేషం గురించే. ఆ అనుస్వరాల చలవ వల్ల కుడిచేతి దెబ్బలు ల్యాప్‌టాప్‌లోనూ శ్రుతితో సహా స్పష్టంగా వస్తాయి. ఎడమవైపు రవ్వముద్ద అద్ది బరువెక్కించిన మూత మాత్రం బాగా కిందిశ్రుతిలో గుంభనంగా పలుకుతుంది, ల్యాప్‌టాప్‌కు అది అందదు. విద్వాంసుడు ఒంటిచేత్తో వాయిస్తున్నట్టుంటుంది. పెళ్లిమేళంలోనూ ఇంతే: సన్నాయి నిక్షేపంలా ఉంటుంది, డోలు అడుగు పోతుంది. ఘంటసాల పాత రికార్డులు ఇదే యంత్రంలో కొత్త సినిమా పాటలకన్నా బాగున్నాయనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆ కాలపు రికార్డింగుల్లో సారమంతా మధ్య శ్రుతుల్లోనే ఉంది, పోవడానికి అడుగున పెద్దగా లేదు.

ఇక గుచ్చుకోవడం సంగతి. 1933లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ ఇద్దరూ ఏ శ్రుతి ఎంత బలంగా మోగితే చెవికి ఒకే గట్టిదనంతో వినిపిస్తుందో కొలిచి రేఖలు గీశారు. చెవి అన్నిటికన్నా చురుగ్గా ఉండేది 3,000, 4,000 హెర్ట్జ్ ప్రాంతంలో. దురదృష్టం ఏమిటంటే చాలా బుల్లి స్పీకర్లు కూడా ఇంచుమించు అక్కడే ఎగిరిపడతాయి. కింద ఏమీ లేదు, పైన చెవి సున్నితంగా ఉన్నచోటే అతి. రేకు చప్పుడనీ, కీచుగొంతనీ జనం తిట్టుకునేది ఈ రెండూ కలిసిన ఫలితాన్నే. వాల్యూమ్ తగ్గిస్తే గుచ్చుకోవడం తగ్గుతుంది గానీ, అదే రేఖల ప్రకారం తక్కువ వాల్యూమ్‌లో కింది శ్రుతులు చెవికి ఇంకా పలచబడతాయి. ఎటు తిప్పినా ఇబ్బందే.

కంపెనీలకు ఇదంతా తెలియదా అంటే, తెలుసు. అందుకే ల్యాప్‌టాప్ నుదుటి మీద ఆడియో కంపెనీల పేర్లు వెలిశాయి. హెచ్‌పీ పెవిలియన్ల మీద ఆల్టెక్ లాన్సింగ్ అని ఉండేది. 2009లో హెచ్‌పీ బీట్స్‌తో చేతులు కలిపింది, 2015లో బ్యాంగ్ అండ్ ఓలఫ్‌సెన్ దగ్గరికి వెళ్లింది. తోషిబా శాటిలైట్లకు హార్మన్ కార్డన్, డెల్ యంత్రాల్లో వేవ్స్ మాక్స్ ఆడియో, మరికొన్నిటికి డాల్బీ, ఎస్ఆర్ఎస్. ఎస్ఆర్ఎస్‌ను 2012లో డీటీఎస్ కొనేసింది. స్టిక్కరు చూసి స్పీకరే వేరు అనుకుంటారు చాలామంది. కొన్నిట్లో నిజంగానే మెరుగైన స్పీకర్లు పెట్టారు. కానీ తేడాలో పెద్ద వాటా సాఫ్ట్‌వేర్‌ది: ఆ పెట్టెకు, ఆ స్పీకర్‌కు సరిపోయేలా ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ పెంచాలో, ఎంత దాటితే అదిమిపట్టాలో ముందే రాసిపెట్టిన లెక్కలు ఆడియో డ్రైవర్‌తోపాటు వస్తాయి.

విండోస్ మళ్లీ ఎక్కించినప్పుడు మాయమయ్యేది సరిగ్గా ఇదే. ఇంటెల్ 2004లో హై డెఫినిషన్ ఆడియో ప్రమాణాన్ని తెచ్చాక, లోపలి చిప్ రియల్‌టెక్‌ది కానీ మరొకరిది కానీ, మైక్రోసాఫ్ట్ సాధారణ డ్రైవర్‌తో శబ్దం వచ్చేస్తుంది. శబ్దం వచ్చింది కదా అని ఎవరూ ఇంకేమీ వెతకరు. సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో ఒకే పెన్‌డ్రైవ్‌తో వరసగా పది మోడళ్లకు విండోస్ ఎక్కిస్తారు. ఏ మోడల్‌కు ఏ ఆడియో ప్యాకేజీ అని చూసే తీరిక వాళ్లకుండదు. కంపెనీ కట్టిపెట్టిన దిద్దుబాటు లేకుండా స్పీకర్ అసలు స్వరూపంతో బయటపడుతుంది, 'పాతదైపోయింది, స్పీకర్లు అరిగిపోయాయి' అనే తీర్పు వచ్చేస్తుంది.

కాబట్టి ఈక్వలైజర్ జోలికి వెళ్లేముందు చూడవలసింది డివైస్ మేనేజర్. సౌండ్ విభాగంలో 'హై డెఫినిషన్ ఆడియో డివైస్' అని పొడిపొడిగా మాత్రమే ఉంటే సాధారణ డ్రైవర్ నడుస్తోందని అర్థం. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరుతో కంపెనీ సపోర్ట్ పేజీలో వెతికితే పాత ఆడియో డ్రైవర్ దొరకవచ్చు. విండోస్ 7 కాలంనాటి ప్యాకేజీ 10లో ఒక్కోసారి ఎక్కుతుంది, ఒక్కోసారి మొరాయిస్తుంది. ఎక్కితే మాత్రం స్లైడర్ ఒక్కటీ కదపకుండానే సగం జబ్బు తగ్గిపోయే అవకాశముంది. ఇంత తేలికైన పనిని చివర్న ప్రయత్నించడం, మొదట బూస్టర్లు ఎక్కించడం మనవాళ్ల అలవాటు.

అలాగని కంపెనీ దిద్దుబాట్లన్నీ వరాలేమీ కావు. వర్చువల్ సరౌండ్ అనే బొత్తం సంగతే చూడండి. ఎడమ కుడి చానళ్ల మధ్య తేడాను పెంచి, శబ్దం గదంతా పరుచుకున్నట్టు భ్రమ కల్పిస్తుంది. పాటల్లో గాయకుడి గొంతు, సినిమాల్లో సంభాషణ రెండు చానళ్లలోనూ సమానంగా ఉంటాయి, అంటే తేడాలో వాటి వాటా సున్నా. చుట్టూ ఉన్న హంగు పెరిగి, నడుమ ఉన్న మాట వెనక్కి పోతుంది. జానెడు దూరంలో ఉన్న రెండు స్పీకర్లతో సరౌండ్ అనేది ఎలాగూ పెద్ద ఆశ. దాన్ని ఆపేస్తే చాలు మాటలు తేటపడిన సందర్భాలు కోకొల్లలు.

శబ్దం రంగు మార్చే బొత్తాల చరిత్ర కంప్యూటర్లకన్నా పాతది. ఇంగ్లండ్ ఇంజినీరు పీటర్ బ్యాక్సండాల్ 1952లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో బేస్, ట్రెబుల్ రెండింటినీ విడివిడిగా పెంచి తగ్గించే సర్క్యూట్ ప్రచురించాడు. రేడియోగ్రాముల నుంచి టేప్‌రికార్డర్ల దాకా లెక్కలేనన్ని పెట్టెల్లో తిరిగిన రెండు నాబ్‌ల వెనక ఉన్నది ఆ ఆలోచనే. 1972లో అమెరికన్ జార్జ్ మాసెన్‌బర్గ్ పారామెట్రిక్ ఈక్వలైజర్ గురించి పత్రం సమర్పించాడు: ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర, ఎంత, ఎంత వెడల్పున అనే మూడూ వాడేవాడి చేతిలో ఉండేది అది. 1997లో విన్‌యాంప్ వచ్చి, పది స్లైడర్ల గ్రాఫిక్ ఈక్వలైజర్‌ను ఇంటర్నెట్ సెంటర్లలోని కుర్రకారు వేళ్ల కిందికి తెచ్చింది. దాంతోపాటే రాక్, పాప్, క్లాసికల్ అనే రెడీమేడ్ అమరికలూ వచ్చాయి. ల్యాప్‌టాప్ స్పీకర్ విషయంలో ఇవి చేసిన మేలు తక్కువ. స్పీకర్ లోపం పాట జాతిని బట్టి మారదు. 3,000 హెర్ట్జ్ దగ్గర గీపెట్టే స్పీకర్ త్యాగరాజ కృతికీ గీపెడుతుంది, మాస్ పాటకూ గీపెడుతుంది.

విండోస్‌లో 2007 నాటి విస్టా నుంచి ఆడియో కట్టడం మారింది. శబ్దం స్పీకర్‌కు వెళ్లే దారిలో దిద్దుబాటు ముక్కలు (వీటినే ఏపీవోలంటారు) చొప్పించే వీలు వచ్చింది. స్పీకర్ ప్రాపర్టీస్‌లో కనిపించే ఎన్‌హాన్స్‌మెంట్స్ ట్యాబ్ దాని ముఖమే. అందులో సాధారణంగా కనిపించే బేస్ బూస్ట్, వర్చువల్ సరౌండ్, రూమ్ కరెక్షన్, లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్‌లలో పాత ల్యాప్‌టాప్‌కు పనికొచ్చేది ప్రధానంగా చివరిదే. ఓటీటీ సినిమాలో గుసగుసలు వినపడక వాల్యూమ్ పెంచితే, మరుక్షణం ఫైటింగు సీనుకు ఇల్లంతా ఉలిక్కిపడే అనుభవం అందరిదీ. థియేటర్ కోసం కట్టిన 5.1 మిశ్రమంలో సంభాషణ నడిమి చానల్లో ఉంటుంది. రెండు స్పీకర్లకు కుదించేటప్పుడు అది మిగతా మోతలో కలిసిపోతుంది. లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ చిన్న శబ్దాలను లేపి పెద్దవాటిని అణుస్తుంది. సంగీత ప్రియులకు ఇది రుచించదు, నిజమే. ఆలాపనలో ఎత్తుపల్లాలు చదును చేసేస్తుంది. సినిమాకు పెట్టుకుని కచేరీకి తీసెయ్యడం న్యాయం.

అసలు పనిముట్టు మాత్రం జోనాస్ థెడెరింగ్ రాసిన ఈక్వలైజర్ ఏపీవో. ఉచితం, ఓపెన్ సోర్స్, విస్టా నుంచి పైన అన్నిట్లోనూ నడుస్తుంది. వీఎల్‌సీలో ఉన్న ఈక్వలైజర్ వీఎల్‌సీకే పరిమితం; ఇది యూట్యూబ్, జూమ్, సినిమా అన్నిటికీ కలిపి ఒక్కచోట పనిచేస్తుంది. కాన్ఫిగరేటర్‌లో స్పీకర్‌ను టిక్ చేసి కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే చాలు, మిగిలిందంతా ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. అది చూసి భయపడేవాళ్లకు పీటర్ వెర్బీక్ తయారుచేసిన పీస్ అనే ఇంటర్‌ఫేస్ ఉంది, అందులో స్లైడర్లుంటాయి. రియల్‌టెక్ డ్రైవర్‌తో ఇది అప్పుడప్పుడు తగవు పడుతుంది, అలాంటప్పుడు కాన్ఫిగరేటర్‌లోనే ట్రబుల్‌షూటింగ్ ఎంపికలు మార్చి చూడాలి.

ఆ ఫైలులో మంచి అమరిక నాలుగు గీతల్లో అయిపోతుంది. మొదటిది ప్రీఆంప్, మొత్తం శబ్దాన్ని మూడు నాలుగు డెసిబెల్స్ దించడం. తర్వాత ఎక్కడైనా పెంచబోతే దానికి చోటు కావాలి కదా. రెండోది హై పాస్ ఫిల్టర్, 150 లేదా 180 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసెయ్యడం. బేస్ కావాలని కూర్చుంటే ఉన్న బేస్‌నే కోస్తారేమిటి అనిపిస్తుంది. ఎలాగూ వినపడని ఆ అడుగుశ్రుతులు పొరను ఊపేసి, దాని కదలికంతా మింగేస్తున్నాయి. వాటిని తీసేస్తే గరగర తగ్గి, గొంతులకు కాస్త వాల్యూమ్ మిగులుతుంది. మూడోది గుచ్చుకునే చోట కోత: 3,000 హెర్ట్జ్ పరిసరాల్లో నాలుగైదు డెసిబెల్స్, వెడల్పు మరీ సన్నగా కాకుండా. నాలుగోది 300 నుంచి 500 హెర్ట్జ్ మధ్య రెండు మూడు డెసిబెల్స్ పెంపు, గొంతుకు ఒళ్లు రావడానికి. అంకెలు యంత్రాన్ని బట్టి మారతాయి. వరస మాత్రం ఇదే.

గుచ్చుకునే చోటును చెవితోనే పట్టుకోవచ్చు. ఒక సన్నటి ఫిల్టర్‌ను ఎనిమిది డెసిబెల్స్ దాకా పెంచి, వాల్యూమ్ తక్కువలో ఉంచి, వార్తలు చదివే గొంతు నడుస్తుండగా ఆ ఫిల్టర్‌ను 1,000 నుంచి 6,000 దాకా మెల్లగా జరుపుతూ పోవాలి. ఒకచోట గొంతు భరించలేనంత కటువుగా మారుతుంది. శత్రువు అక్కడే ఉన్నాడు. పెంపును కోతగా మార్చి అక్కడ నిలపడమే. తర్వాత పరీక్షకు "శనివారం సాయంత్రం సన్నసన్నగా చినుకులు" లాంటి వాక్యమొకటి ఫోనులో రికార్డు చేసి వినిపించుకుంటే తేలిపోతుంది. 'స' ఈల వేస్తుంటే 6,000, 8,000 ప్రాంతంలో ఇంకాస్త తగ్గించాలి. 'శ'కీ 'స'కీ తేడా తెలియడం లేదంటే ఆ ప్రాంతమే మరుగున పడిందని, అక్కడ కొంచెం లేపాలని లెక్క. 'స' బలమంతా 'శ' కన్నా పైశ్రుతుల్లో ఉంటుంది.

ఒక మినహాయింపు. వయసు మళ్లినవాళ్లకు చెవి మొదట కోల్పోయేది పైశ్రుతులనే. డల్లాస్‌లో ఉన్న మనవరాలితో వీడియో కాల్ మాట్లాడే అమ్మమ్మకు గొంతు వినిపిస్తుంది గానీ మాటలు అర్థం కావు, హల్లుల ఆనవాళ్లు పైనే ఉంటాయి కనుక. ఆమె వాడే ల్యాప్‌టాప్‌లో 2,000 నుంచి 4,000 మధ్య కోయడం కాదు, లేపాలి. కుర్రవాడి చెవికి కటువైనది ఆమెకు స్పష్టత. పీస్‌లో రెండు అమరికలు దాచిపెట్టుకుని మార్చుకుంటే సరిపోతుంది.

బూస్టర్ల మాట చెప్పుకోక తప్పదు. డిజిటల్ శబ్దానికి ఒక పైకప్పు ఉంది. ఇప్పటి సినిమా పాటలు ఆ కప్పును తాకుతూనే తయారవుతాయి. బ్రౌజర్‌లో తగిలించిన బూస్టర్ దాన్ని ఇంకా పెంచితే, కప్పు దాటిన తలలన్నీ తెగి తరంగం చదునవుతుంది. ఎత్తు పెరగదు, కానీ అదే ఎత్తులో ఉన్న నునుపైన తరంగం కన్నా పూర్తిగా చదునైన తరంగం రెట్టింపు శక్తిని స్పీకర్ కాయిల్‌లోకి దింపుతుంది, అదంతా వేడి. 2014లో దీని మీద ఒక వివాదమే నడిచింది. వీఎల్‌సీ వాడటం వల్ల స్పీకర్లు చెడిపోయాయంటూ ఒక పెద్ద కంపెనీ వారంటీ నిరాకరిస్తోందని వార్తలొచ్చాయి. వీఎల్‌సీ వెనక ఉన్న సంస్థ అధ్యక్షుడు జాన్ బాప్టిస్ట్ కెంఫ్ ఆ నిందను ఒప్పుకోలేదు. ఏ సాఫ్ట్‌వేర్ ఏం పంపినా స్పీకర్ పాడవకుండా చూసుకోవలసింది డ్రైవరూ యంత్రమూనని ఆయన వాదన. న్యాయంగా చూస్తే ఆయనదే సరైన మాట. అయితే డ్రైవరే మారిపోయిన పాత ల్యాప్‌టాప్‌లో ఆ కాపలా ఉందో లేదో ఎవరికి తెలుసు? బూస్టర్‌కు దూరంగా ఉండటమే మేలు.

ఆ కాపలా ఎంత ముఖ్యమో ఆపిల్ మ్యాక్‌బుక్‌లకు లినక్స్ తెచ్చిన అసాహి బృందం పని చూస్తే అర్థమవుతుంది. ఆ ల్యాప్‌టాప్‌ల స్పీకర్లు బుల్లివైనా బ్రహ్మాండంగా పాడతాయి, కారణం సాఫ్ట్‌వేర్ వాటిని హద్దు అంచుదాకా తీసుకెళ్లి ఆపడం. ఆ ఆపేవాడు లేకపోతే కాయిల్ కాలిపోతుంది. అందుకని అసాహివాళ్లు చాలాకాలం స్పీకర్లను మూసే ఉంచారు. కాయిల్ వేడిని ఎప్పటికప్పుడు అంచనా వేసి వాల్యూమ్ తగ్గించే స్పీకర్‌సేఫ్టీడీ అనే ప్రోగ్రామ్ రాసి, ఒక్కో మోడల్‌కు విడిగా ఫిల్టర్లు కొలిచి తయారుచేశాకే తెరిచారు.

మామూలు పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు, మింట్ వేసుకున్నవాళ్లకు ఈజీ ఎఫెక్ట్స్ ఉంది. ఈక్వలైజర్, లిమిటర్, అనుస్వరాలు పుట్టించే బేస్ ఎన్‌హాన్సర్ అన్నీ అందులోనే దొరుకుతాయి. అంతకన్నా ముందు టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ తెరిచి ఒకసారి చూడాలి. రెండు జతల స్పీకర్లున్న మోడళ్లలో బేస్ స్పీకర్ అనే గీత మూగబోయి కూర్చునే సందర్భాలున్నాయి. మ్యాక్‌లో ఈక్యూమ్యాక్ ఇదే పని చేస్తుంది. క్రోమ్‌బుక్ వాడేవాళ్లకు ఈ తలనొప్పి తక్కువ. మోడల్‌వారీ ఈక్వలైజర్ అమరిక క్రోమ్ ఓఎస్‌తోనే వస్తుంది, సిస్టమ్ మళ్లీ ఎక్కించినా పోదు.

కొలిచి దిద్దాలనే పక్షానికి జాన్ మల్కాహీ తయారుచేసిన రూమ్ ఈక్యూ విజార్డ్ ఉచితంగా దొరుకుతుంది, మినీడీఎస్‌పీ కంపెనీ యూఎస్‌బీ మైకులు దానికి జోడీ. గ్రాఫు కనబడగానే ప్రతి గుంటనూ పూడ్చి ప్రతి గుట్టనూ చదును చెయ్యాలనిపిస్తుంది. అది పొరపాటు. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1988లో అనునాదాల మీద ప్రచురించిన పరిశోధన చెవి వేటిని పట్టుకుంటుందో చూపింది. గుట్టలుగా లేచే అనునాదాలు వినిపిస్తాయి, అవి ఈక్వలైజర్‌కు లొంగుతాయి కూడా. సన్నటి గుంటలు సాధారణంగా నేరుగా వచ్చిన శబ్దమూ, బల్లను తాకి వచ్చిన శబ్దమూ ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం వల్ల పుడతాయి. తల బెత్తెడు జరిగితే ఆ గుంట వేరేచోటికి పోతుంది. దాన్ని పూడ్చబోతే ఆంప్లిఫయర్‌కు ఆయాసం మిగులుతుంది. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కోసం మైకు కొనడం కోడి కన్నా మసాలాకు ఎక్కువ ఖర్చుపెట్టడమే, సరదా ఉన్నవాళ్ల సంగతి వేరు.

సాఫ్ట్‌వేర్‌కు అందనివి కొన్ని ఉన్నాయి. స్పీకర్లు అడుగున ఉన్న ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెడితే ఏ ఫిల్టరూ కాపాడలేదు. గట్టి బల్ల మీద పెడితే అదే బల్ల శబ్దాన్ని పైకి మళ్లించి కింది శ్రుతులకు కాస్త బలం కూడా ఇస్తుంది. జాలీలో దుమ్ము పేరుకుంటే మెత్తటి బ్రష్ చాలు. ఒకే శ్రుతి దగ్గర ఎప్పుడూ జిర్రుమంటే వదులైన స్క్రూనో, ఊడిన స్పీకర్ అంచో అనుమానించాలి. పొర చిరిగితే జత మార్చడం తప్ప గతి లేదు. జూమ్ కాల్ వచ్చినప్పుడల్లా పాట సన్నబడిపోతుంటే అది జబ్బే కాదు: సౌండ్ సెట్టింగుల్లో కమ్యూనికేషన్స్ ట్యాబ్ కింద ఇతర శబ్దాలను 80 శాతం తగ్గించమని విండోస్ తనంతట తానే పెట్టుకునే ఎంపిక ఉంది, దాన్ని 'డూ నథింగ్'కు మార్చితే సరి. బయటి స్పీకర్లు కొనుక్కోమనే మూడోవాడి సలహాకు ఎదురు చెప్పలేం. చిన్న పెట్టె అయినా దాని పొర పెద్దది, వెనక గాలికి చోటుంది. హాస్టల్ మంచం మీద, రైల్లో, ఆన్‌లైన్ క్లాసులో దాన్ని మోసుకు తిరగలేకపోవడమే చిక్కు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత ల్యాప్‌టాప్‌లు చాలావాటికి విండోస్ 11 అర్హత లేదు. వాటిలో ఏదో ఒక దారిన 11 ఎక్కించుకునేవాళ్లూ, లినక్స్‌కు మారేవాళ్లూ కనిపిస్తున్నారు. పదేళ్ల కిందటి మోడళ్ల డ్రైవర్ పేజీలు కంపెనీలు ఎప్పటికీ నిలిపి ఉంచుతాయన్న హామీ ఏదీ లేదు. అందుకని డిస్క్ చెరిపేముందు చెయ్యదగ్గ పని ఒకటుంది. విండోస్ 10లో అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పీఎన్‌పీయుటిల్ ఆదేశాన్ని ఎక్స్‌పోర్ట్ డ్రైవర్ అనే ఎంపికతో నడిపితే, బయటినుంచి వచ్చిన డ్రైవర్లన్నీ, ఆడియోతో సహా, చెప్పిన ఫోల్డర్‌లోకి కాపీ అవుతాయి. ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో దాచుకుంటే, విండోస్ మళ్లీ ఎక్కించాక డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్ నొక్కి అక్కడినుంచే తీసుకోమనవచ్చు. ఈక్వలైజర్ ఏపీవో అమరిక ఫైలునూ అదే పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు, అది కొన్ని కిలోబైట్లకు మించదు.